లూసిల్ బాల్ మీద స్కిట్: బెల్టు సీను స్టేజి మీద ఎట్ల చేయాలె?

రంగులపెట్టె:

అందరికి నమస్తే. హన్మకొండల మా ఆడపిల్లల నాటక బృందం కోసం అడుగుతున్న. వేదిక నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం, మాకిచ్చిన టైము 20 నిమిషాలు. అమెరికా టీవీల కామెడీతోని పేరు తెచ్చుకున్న లూసిల్ బాల్ బతుకు ఒక 8 నిమిషాలు చెప్పి, మిగిలిన 12 నిమిషాలు ఆమె పద్ధతిల ఒక సీను ఆడాలని ఉన్నది. ఆమె చాక్లెట్ల బెల్టు సీను ఉంటది కదా, కదిలే బెల్టు మీద వచ్చే చాక్లెట్లను కాయితంల చుట్టుడు చేతికందక ఆగమయ్యేది, దాన్ని సకినాల ప్యాకింగుకు మార్చినం. సంక్రాంతి ముంగట మహిళా సంఘం యూనిట్ల కొత్తగ చేరిన ఇద్దరు పిల్లలు, మీద ఒక మేడం.

మూడు సంగతులు తెలువాలె. ఆమె గురించి ఏది చెప్పాలె, ఏది ఇడిచిపెట్టాలె? పుట్టిన ఊరు కాడి నుంచి మొదలువెడితే జనం ఫోన్లు తీస్తరు. రెండోది బెల్టు: చేపిచ్చుకుందామంటే ఏమేం కావాలె, మోటరు పెట్టాల్నా? మూడోది అసలుది: రిహార్సల్ల ఆడేటోళ్లు నవ్వుతున్నరు గని చూసేటోళ్లు నవ్వుతలేరు. లోపం ఎక్కడున్నది?

పాత రీళ్లు:

చెల్లె, 1911ల కాదు, 1951ల మొదలుపెట్టండి. అప్పటికి లూసిల్ బాల్‌కు 40 ఏళ్లు. 1933ల గుంపు డాన్సర్లలో ఒకతెగా హాలీవుడ్‌కు వచ్చి, ఆర్‌కేఓ స్టూడియోలో జీతానికి పనిచేసి, తర్వాత ఎంజీఎంకు పోయి, ఇన్నేళ్లకు దక్కింది చిన్న బడ్జెట్ సినిమాల రాణి అన్న పేరు ఒక్కటే. టీవీ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్నది. సినిమా వాళ్లు దాన్ని చిన్నచూపు చూసే రోజులు. ఈ పరిస్థితి 30 సెకన్లలో చెప్పేస్తే తర్వాతిదంతా జనానికి తేలిగ్గా ఎక్కుతుంది.

అక్కడి నుంచి వెనక్కి ఒక్క అడుగు వేయండి: రేడియో. 1948 నుంచి 1951 దాకా సీబీఎస్ అనే ప్రసార సంస్థలో 'మై ఫేవరెట్ హజ్బెండ్' అనే హాస్య కార్యక్రమం చేసింది, ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టుకొని. మనుషులు ఎదురుగా ఉంటే ఆమెలో ఊపు పెరుగుతుందని అక్కడ తేలింది. ఆ కార్యక్రమం రాసిన జెస్ ఓపెన్‌హైమర్, మాడలిన్ ప్యూ, బాబ్ కారల్ ముగ్గురూ తర్వాత టీవీకి ఆమెతోనే వచ్చారు. ఈ ముక్కను మీరు గొంతుతో చేయొచ్చు: ఒక పిల్ల మైకు ముందు నిలబడి తలుపు చప్పుడు, ఫోను, జనం నవ్వు నోటితోనే పలికిస్తే చాలు. ఇంగ్లిషు సినిమా సీన్లను సంగీతంతో సహా ఒక్క గొంతులో వినిపించిన వేణుమాధవ్ గారి పేరున్న హాలు అది, మన వరంగల్ జనం ఇట్టే పట్టుకుంటారు.

తర్వాత పెళ్లి, పట్టుదల. భర్త డెసీ ఆర్నాజ్ క్యూబా నుంచి వచ్చిన బ్యాండు కళాకారుడు. టీవీలో మొగుడి వేషం అతనే వేయాలని ఆమె పట్టుబట్టింది. అతని యాస, అతని దేశం జనం ఒప్పుకోరని సీబీఎస్ వెనకాడింది. వాదన పెట్టుకోకుండా ఇద్దరూ 1950లో ఒక హాస్య ప్రదర్శన తయారుచేసి ఊరూరా తిరిగి ఆడి చూపించారు. స్పానిష్ విదూషకుడు పెపిటో దగ్గర సెల్లో వాయిద్యంతో చేసే తమాషాను నేర్చుకున్నది అప్పుడే.

మీరు ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు ఒప్పందం. ఇద్దరూ మొగుడూ పెళ్లాలుగా వేసిన టీవీ సీరియల్ 'ఐ లవ్ లూసీ' మొదలైంది 1951 అక్టోబరు 15న. సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్ స్పాన్సరు. న్యూయార్క్ నుంచి లైవ్‌గా చేయమన్నారు, ఎందుకంటే లాస్ ఏంజెలిస్‌లో లైవ్ చేస్తే తూర్పు రాష్ట్రాలకు చేరేది టీవీ తెరను కెమెరాతో తీసిన మసక బొమ్మ. ఇల్లు వదిలి మేం రాము అన్నారు వీళ్లు. మధ్యే మార్గంగా 35 మి.మీ. ఫిల్ముపై తీద్దామన్నారు, ఖర్చు పెరిగింది. ఆ తేడాకు బదులు తమ జీతంలో వారానికి 1000 డాలర్లు తగ్గించుకొని, ఎపిసోడ్ల మీద హక్కు తమ కంపెనీ డెసిలూ పేర రాయించుకున్నారు. ఒకసారి వేసిన ఎపిసోడును మళ్లీ వేస్తే డబ్బు వస్తుందని అప్పటికి ఎవరికీ పెద్దగా పట్టలేదు. 1957కల్లా, ఆమె ఒకప్పుడు జీతానికి పనిచేసిన ఆర్‌కేఓ స్టూడియోనే డెసిలూ కొనేసింది. 1960లో విడాకులు, 1962ల భర్త వాటా కూడా కొనుక్కొని తానే అధినేత. 'స్టార్ ట్రెక్', 'మిషన్ ఇంపాసిబుల్' సీరియళ్లు ఆ స్టూడియోలోంచే వచ్చాయి. 1967ల 1.7 కోట్ల డాలర్లకు అమ్మింది.

నవ్వులకు కూడా ఒక ముక్క దొరుకుతుంది. రెండో సీజన్‌లో ఆమె నిజంగానే కడుపుతో ఉంటే దాన్ని కథలోకి తెచ్చారు, కానీ ఆ సంగతి సూటిగా అనే మాటను ఛానల్ వాడనివ్వలేదు. ప్రతి స్క్రిప్టూ ఒక క్యాథలిక్ ఫాదరు, ఒక ప్రొటెస్టంటు పాస్టరు, ఒక యూదు రబ్బీ చదివి సరే అనాలి. ముగ్గురు పిల్లలు గడ్డాలు పెట్టుకొని వరుసగా తల ఊపితే హాలు నవ్వుతుంది. బిడ్డ పుట్టే ఎపిసోడు 1953 జనవరి 19న వచ్చింది, ఆమెకు నిజంగా కొడుకు పుట్టిందీ ఆరోజే. సుమారు 4.4 కోట్ల మంది చూశారు. మర్నాడు అమెరికా అధ్యక్షుడిగా ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారాన్ని టీవీలో చూసినవాళ్లు అంతమంది లేరు.

వదిలేయాల్సినవి: సినిమాల జాబితా, అవార్డులు (నాలుగు ఎమ్మీలు అని ఒక్క మాట చాలు), కమ్యూనిస్టు ఓటరుగా పేరు రాయించుకుందని 1953ల జరిగిన విచారణ. అది పెద్ద సంగతే, కానీ అమెరికా రాజకీయం వివరించడానికే మీ 8 నిమిషాలు పోతాయి. 1986ల 75 ఏళ్ల వయసులో మళ్లీ ఒక సీరియల్ చేస్తే 8 ఎపిసోడ్లు ప్రసారమై ఆగిపోయింది. ఇది మాత్రం ఉంచండి. పొగడ్తలే వినిపిస్తే సన్మాన పత్రం చదివినట్టు ఉంటుంది. 1989 ఏప్రిల్ 26న చనిపోయింది.

బాడిస:

మోటరు జోలికి పోకు చెల్లె. జడలు, కొంగులు అన్ని ఆ బెల్టు మీదనే ఆడుతయి, ఒక్కటి గుంజుకున్నదంటే మోటరుకు తెల్వదు. చేత్తోని తిప్పేది పెడితే ఇరుకంగనే తిప్పేటోని చేతికి తెలుస్తది, ఆగుతడు.

110 మి.మీ. పీవీసీ పైపు 14 అంగుళాల ముక్కలు రెండు, వాటికి నాలుగు మూతలు. 12 మి.మీ. ఇనుప రాడ్లు రెండు. ఒకటి 20 అంగుళాలు, హ్యాండిల్ దిక్కుది 30. బేరింగులు నాలుగు, 6201 నంబరు అడుగు, లోపలి రంధ్రం 12 మి.మీ. ఉంటది. మూతల నడిమి రంధ్రంల నుంచి రాడ్డు దించి ఊకె గమ్ము పెడితే ఆగదు. రాడ్డు తిరుగుతది, పైపు నిలవడతది. చాలామంది ఇక్కడనే ఆగమైతరు. రాడ్డుకు చిన్న ఇనుప పట్టీ వెల్డింగు కొట్టిచ్చి, దాన్ని మూతకు రెండు నట్టుబోల్టులతోని బిగియ్యాలె. మూత నుంచి పైపుకు రెండు స్క్రూలు.

రాడ్డు నడిమి నుంచి రాడ్డు నడిమి దాక 6 అడుగులు పెట్టుకో. బెల్టుకు సోఫాలకేసే రెక్సిన్ తీసుకో, వెడల్పు 12 అంగుళాలు, బట్ట దిక్కు లోపలికి. పొడుగు లెక్క: పైన కింద కలిపి 12 అడుగులు, రోలర్ల చుట్టు 13న్నర అంగుళాలు. అంటే చుట్టు మొత్తం 13 అడుగుల ఒకటిన్నర అంగుళం. అతుకు అడ్డంగ కుట్టకు, ఐమూలగ కుట్టు. అడ్డంగ కుడితే ఆ గడ్డ రోలర్ మీదికి వచ్చినప్పుడల్లా టక్కుమని చప్పుడైతది, సకినం ఎగిరి పడ్తది. ఐమూల కోతకు ఇంకో అడుగు, మీద మీద కుట్టుకు 2 అంగుళాలు కావాలె, గందుకే నాలుగున్నర మీటర్లు కొను.

హ్యాండిల్ ఎటు దిక్కు పెట్టాలె అంటే, సరుకు దిగిపోయే దిక్కు. అటు నుంచి గుంజితే పై బెల్టు బిగుతుగ వస్తది. ఎక్కే దిక్కు పెడితే పైన ముడుతలు, కింద బిగుతు. హ్యాండిల్ రోలర్‌కు పాత సైకిల్ ట్యూబు చీరి గమ్ముతోని అతికియ్యి, లేకుంటే జారుతది. రెండు రోలర్ల నడుమ బెల్టు కింద 6 మి.మీ. ప్లైవుడ్, 5న్నర అడుగులు. దాని మీద మైనం రుద్దు. ప్లైవుడ్ లేకుంటే ఉయ్యాల లెక్క కిందికి ఏలాడుతది.

బెల్టు ఒక పక్కకు నడుచుకుంట పోతుంటే రోలర్లు సమానంగ లేనట్టు. ఎక్కే దిక్కు బేరింగులను బిగిచ్చే బోల్టు రంధ్రాలను 2 అంగుళాల పొడుగు గాళ్లు చేసి పెట్టుకుంటే ముందుకు ఎనుకకు జరిపి సరిచేయొచ్చు, బిగుతు కూడ దానితోనే. అప్పటికి ఆగకుంటే రోలర్ నడిమిట్ల ఇన్సులేషన్ టేపు ఒక పది చుట్లు చుట్టి, అంచులకు పోతాంటె తగ్గిచ్చుకుంట పో. నడుమ ఉబ్బు ఉంటే బెల్టు దానంతట అదే నడిమికి వచ్చి నిలవడతది.

ఇగ స్పీడు. ఒక్క చుట్టుకు బెల్టు 13న్నర అంగుళాలు జరుగుతది. 3 సెకన్లకు ఒక చుట్టు తిప్పితే 6 అడుగులు దాటనీకి 16 సెకన్లు. సెకనుకు ఒక చుట్టు తిప్పితే 5 సెకన్ల పైన కొంచెం. బెల్టు మీద 9 అంగుళాలకొకటి తెల్ల పెయింటు గీత కొట్టి గీతకొక సకినం పెడితే, మెల్లగున్నప్పుడు 2 సెకన్లకొకటి వస్తది, జోరు మీద సెకనుకు ఒకటిన్నర. ఒక పిల్లకు ఒకటి కాయితంల చుట్టనీకి 4 సెకన్లు అనుకుంటే ఇద్దరు కలిసి మెల్ల స్పీడును సరిగ్గ అందుకుంటరు, మూడింతల జోరుకు చచ్చినా అందుకోరు. అతుకు కాడ రెండు గీతలు దగ్గరికొస్తయి, ఒకటి చెరిపెయ్యి.

నిజం సకినాలు వద్దు. ఇరిగి పొడి బెల్టు కిందికి పోతే ప్లైవుడ్ మీద గరుకు పట్టి తిరుగది. 6 మి.మీ. నూలు తాడు మూడు చుట్లు చుట్టి, ఫెవికాల్ నీళ్లల్ల ముంచి, పచ్చిగున్నప్పుడే నువ్వులు చల్లి ఎండబెట్టు. ఒక్కోదానికి 2 అడుగుల తాడు. 60 చాలు, కింద పడ్డయి గంపల పట్టి ఎనుక నుంచి మళ్ల ఎక్కియ్యొచ్చు. మొత్తం 40 మీటర్ల తాడు.

మూడో గంట:

మూడో ప్రశ్న చూస్తాను. ఆడేవాళ్లు నవ్వుతున్నారంటే పాత్రకు ఇది తమాషా అని తెలిసిపోయినట్టు. బాల్ వేసిన లూసీ పాత్రకు ఎప్పుడూ తెలియదు. ఆమెకు ఉన్నది ఉద్యోగం పోతుందన్న భయమే. 1952 సెప్టెంబరు 15న వచ్చిన ఆ చాక్లెట్ల ఎపిసోడులో మేడం ముందే హెచ్చరిస్తుంది: ఒక్కటి చుట్టకుండా అవతలికి పోయినా ఇద్దరినీ తీసేస్తానని. మీ స్క్రిప్టులో ఈ హెచ్చరిక ఉందా? లేకపోతే బెల్టు ఎంత జోరుగా తిరిగినా హాలుకు ఆదుర్దా ఉండదు. మొదటి నిమిషంలోనే, ప్రేక్షకుల వైపు తిరిగి, నెమ్మదిగా చెప్పించండి.

ఆ తర్వాత మెట్లు. మొదట 40 సెకన్లు పని సాఫీగా సాగాలి. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటారు, ఇది చాలా తేలిక అనుకుంటారు. చాలా బృందాలు ఇక్కడే తొందరపడి నేరుగా గందరగోళంలో దూకుతాయి. తర్వాత ఒకటి తప్పుతుంది, పక్క పిల్ల పట్టుకుంటుంది. తర్వాత రెండు. అప్పుడు దాచడం మొదలు: కొంగులో, టోపీలో, నోట్లో. మేడం వచ్చి ఖాళీ బెల్టు చూసి మెచ్చుకొని, ఇంకా జోరు పెంచమంటుంది. దాచి గట్టెక్కడమే వాళ్ల మీదికి పెద్ద ముప్పు తెచ్చింది. సీనంతా ఈ ఒక్క కీలు మీద నిలబడుతుంది. కాబట్టి మేడం తిరిగి వచ్చినప్పుడు ఆ పిల్లలిద్దరూ కదలకూడదు. బుగ్గలు ఉబ్బి, కళ్లు మాత్రం తిరుగుతూ, 4 సెకన్లు. నవ్వు వచ్చేది ఆ నిశ్చలంలోంచి.

ఆ ఎపిసోడుకు నిజంగా చాక్లెట్లు ముంచే పనిచేసే ఆమెనే పిలిపించి లూసీ పక్కన పెట్టారు. ఆమె చాలాసేపు తన పని తాను చేసుకుంటూ పోయింది. మీరూ సకినాలు చుట్టే పెద్దమ్మను ఒకరిని పక్క పీట మీద కూర్చోబెట్టండి. పిండి వేళ్ల మధ్య మెలితిప్పుతూ గుడ్డ మీద చుట్టు తర్వాత చుట్టు వేస్తూ, ఈ గోలకు తల కూడా ఎత్తకుండా. డైలాగు ఇవ్వొద్దు.

రిహార్సల్ గురించి. 'ఐ లవ్ లూసీ' బృందానికి వారం మొదట్లో స్క్రిప్టు చదువు, నాలుగు రోజుల సాధన, చివర సుమారు 300 మంది ముందు ఒకటే చిత్రీకరణ. చేతలన్నీ స్క్రిప్టులో విడిగా పెద్దక్షరాల్లో రాసేవారు, ఏ వస్తువు ఏ చేతిలో ఉండాలో సహా. రచయిత్రి మాడలిన్ ప్యూ ఆ విన్యాసాలను ముందు తాను చేసి చూసేది, ఆడది చేయగలదా లేదా అని. మీ స్క్రిప్టులోనూ "హడావిడి పడతారు" అని రాసి వదిలేయొద్దు. "కవిత ఎడమ చేత్తో మూడోది తీసి కుడి భుజం కొంగులో" అని రాయండి. బెల్టు లేకుండా అంకెలు చెబుతూ ముందు చేతులకు అలవాటు చేయండి. అసలు బెల్టు దగ్గరికి వచ్చేసరికి చేతులు వాటంతట అవే పోవాలి.

నోట్లోకి గట్టివి, పొడివి ఏవీ వద్దు. అంచులు తీసిన బ్రెడ్డును సకినం ఆకారంలో కోసి రెండే రెండు ముక్కలు, బుగ్గకొకటి. వేరుశనగ, బెల్లం పాకం, బియ్యప్పిండి వస్తువులు గొంతుకు అడ్డం పడతాయి, పైగా నవ్వొస్తే లోపలికి పీలుస్తారు. ఆ రెండు ముక్కలు గీతల మీద కాదు, పళ్లెంలో విడిగా ఉండాలి, లేకుంటే తాడు ముక్క నోట్లో పెట్టుకుంటారు. కాలరు మైకు వద్దు. సకినాలు రవికె దగ్గర తోస్తుంటే బరబరమని హాలంతా వినిపిస్తుంది. స్టేజి అంచున నేల మీద మైకులు, లేదంటే తలకు పెట్టుకునేవి. కొంగు లోపల ఎలాస్టిక్ సంచీ కుట్టించండి, లేకపోతే వంగగానే అన్నీ రాలి, దాచడం అన్న సంగతే పోతుంది.

నవ్వు మొదలైతే తర్వాతి మాట ఆపండి. పూర్తిగా చల్లారేదాకా కాదు, తగ్గడం మొదలవగానే అందుకోవాలి.

మల్యాల బస్సు:

గింత దూరం అమెరికా ఎందుకు పోవుడు? జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ లేదా? కూలికి పోయి, బీడీలు చేసి బతికిన మనిషి, పెద్ద వయసుల యూట్యూబుల 'మై విలేజ్ షో'తోని పేరొచ్చింది, 2020ల బిగ్ బాస్ నాలుగో సీజన్ దాక పోయింది, సినిమాలల్ల చేసింది. ఆమెది చేస్తే హాలంత మనదే. జబర్దస్త్ 2013ల మొదలైతే ఎన్నేండ్ల దాక ఆడోళ్ల వేషాలు మొగోళ్లే కట్టిండ్రు. ఆ ముచ్చట గూడ తియ్యుండ్రి.

పాత రీళ్లు:

గంగవ్వ మీద వేరే స్కిట్టే చేయాలి, ఇందులో ఇరికిస్తే రెండూ చెడతాయి. ఆమె నవ్వు మాటలోంచి, అమాయకపు ఎదురుప్రశ్నలోంచి వస్తుంది. దానికి బెల్టు అక్కర్లేదు, మంచం, అరుగు చాలు. పైగా కళ్లముందున్న మనిషి కాబట్టి ఆమెను అడిగి చేయడం మర్యాద. ఆడవాళ్ల వేషాలు మగవాళ్లు కట్టిన ముచ్చట మాత్రం బాగుంది, వ్యాఖ్యాత నోట ఒక వాక్యం పెట్టొచ్చు.

హక్కుల సంగతి కూడా. లూసిల్ బాల్ జీవిత విషయాలు ఎవరైనా చెప్పుకోవచ్చు. ఆ ఎపిసోడు మాటలను తెలుగులోకి మార్చి వాడొద్దు, పాత్రల పేర్లు పెట్టొద్దు, అసలు వీడియో తెర మీద వేయొద్దు. పని చేతికందకపోవడం, దాచడం అనే ఎత్తుగడ అందరిదీ.

వీడియో తీస్తారు కదా, కార్ల్ ఫ్రాయిండ్ పద్ధతి పనికొస్తుంది. ఆ సీరియల్ ఛాయాగ్రాహకుడు ఆయన. మూడు కెమెరాలు ఒకేసారి తిరుగుతుంటే ఒక్కోదానికి వేరుగా లైటు మార్చడం కుదరదు కాబట్టి పైనుంచి అంతటా సమానంగా పరిచాడు. మీరూ రంగు లైట్లు ఆర్పించి, బెల్టు పొడుగునా తెల్ల లైటు ఒకే తీరుగా వేయించండి. మూడు ఫోన్లు: ఒకటి మొత్తం స్టేజికి, ఒకటి ఆ ఇద్దరి నడుము పైకి, ఒకటి మేడం వచ్చే వైపు. మూడింట్లోనూ 1080, 30 ఫ్రేములు. వెలుగు, ఫోకస్ లాక్ చేయండి. ఫోన్లు ఏరోప్లేన్ మోడులో. మొదట ఒక్క చప్పట్లు కొడితే తర్వాత మూడూ కలపడం సులువు. నిమిషానికి 100 నుంచి 150 ఎంబీ పడుతుంది, 20 నిమిషాలకు ఒక్కో ఫోనులో 4 జీబీ ఖాళీ ఉంచండి.

రంగులపెట్టె:

అందరికి మస్తు థ్యాంక్స్. హెచ్చరిక డైలాగు స్క్రిప్టుల ఉన్నది గని మూడో నిమిషంల ఉన్నది, ముందుకు జరుపుతం. బాడిస అన్నా, ఇంకొక్కటి. హ్యాండిల్ తిప్పే పిల్ల తెర ఎనుక ఉంటది, ఆమెకు స్టేజి కానరాదు. జోరు ఎప్పుడు పెంచాల్నో ఎట్ల తెలుస్తది?

బాడిస:

వేరే సైగ వద్దు, మేడం డైలాగే సైగ. "జర జోరు పెంచుండ్రే!" అని ఆమె తెర దిక్కు తిరిగి ఒర్లాలె. కాకుంటే ఒక్కసారి జోరుగ గుంజితే బెల్టు జారుతది, సకినాలు గీతల మీది నుంచి జరుగుతయి. మూడు చుట్లల్ల మెల్లగ పెంచుకుంట పోవాలె, దానికి 5 సెకన్లు పడ్తది. అందాక మేడం కదలకుంట అక్కడనే నిలవడాలె. సకినాలు ఎక్కిచ్చే పిల్లను హ్యాండిల్ దిక్కు పెట్టకు, ఆమె ఎక్కే దిక్కు తెర ఎనుక ఉండాలె, చేతి కాడ గంప పెట్టుకొని. తిప్పే పిల్ల చున్నీ తీసి పక్కకు పెట్టాలె, జడ ముడేసుకోవాలె. రాడ్డు చివర్లకు పాత పైపు ముక్క తొడుగు.